100 వాట్ల స్పీకర్లకు ఎన్ని వాట్ల ఆంప్లిఫయర్ కొనాలి?

ప్రశ్న: ఈ మధ్యే హనుమకొండలో సొంత ఫ్లాట్‌లోకి మారాం. హాలు 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. టీవీ గోడకీ సోఫాకీ మధ్య 10 అడుగులు ఉంటుంది. షెల్ఫులో పట్టే స్పీకర్ల జత ఒకటి కొన్నాం. వాటి కాగితం మీద 6 ఓమ్స్, 86 డీబీ, 2.83 వోల్టులు, 1 మీటరు, 25-100 వాట్లు అని ఉంది. ఇక ఆంప్లిఫయర్ కొనాలి. షాపతను 200 వాట్ల రిసీవర్ లేకపోతే ఈ స్పీకర్లు పలకవు అన్నాడు. మా తమ్ముడేమో అంత పెద్దది పెడితే కాలిపోతాయి, 30 వాట్లది చాలు అంటున్నాడు. మా ఆయన కాలేజీ రోజుల్లో చేయించుకున్న ఆంప్లిఫయర్ ఒకటి అటక మీద ఉంది. దాని మీద 1000 వాట్స్ అని స్టిక్కర్ ఉంది, దాన్నే దింపుదాం అంటారు. మామయ్యగారు నాదస్వరం, ఘంటసాల గారి పాత పాటలు వింటారు. ఆదివారం అందరం సినిమా చూస్తాం. మా దగ్గర పాత 8 ఓమ్స్ స్పీకర్లు ఇంకో జత ఉన్నాయి, వాటిని కూడా దీనికే కలిపి డైనింగ్‌లో పెట్టాలని ఉంది. 40 వేల లోపు అవ్వాలి. ఎవరి మాట వినమంటారు?

సమాధానం: హాలు కొలతలు, సోఫా దూరం, స్పీకర్ కాగితం మీది అంకెలు అన్నీ రాశారు. చాలామంది ఇవేవీ చెప్పకుండా ఏది కొనమంటారని అడుగుతారు. మీరు ఇచ్చిన వివరాలతో లెక్క వేసి చెప్పొచ్చు.

ముందు తేల్చి చెప్పేస్తాను. ఛానెల్‌కి, అంటే ఒక్కో స్పీకర్‌కి, 50 నుంచి 80 నిజమైన వాట్లు ఇచ్చి, 4 ఓమ్స్ (ఓమ్స్ అంటే కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు) స్పీకర్లను కూడా ఇబ్బంది లేకుండా నడిపే స్టీరియో ఆంప్లిఫయర్ మీకు సరిపోతుంది. 200 అక్కర్లేదు. తమ్ముడు చెప్పిన 30 వాట్లు కూడా రోజువారీ వినడానికి చాలు, కానీ ఆయన చెప్పిన కారణం మాత్రం సరి కాదు. ఇక అటక మీది దాన్ని పరీక్ష చేయకుండా కొత్త స్పీకర్లకి తగిలించొద్దు.

స్పీకర్ వెనక 100 వాట్లు అని రాసి ఉంటే అది 100 వాట్లు తింటుందనీ, అంత పెట్టకపోతే పలకదనీ చాలామంది అనుకుంటారు. ఆ అంకె స్పీకర్ ఆకలి కాదు, ఓర్పు. అంతవరకు తట్టుకోగలదు అని మాత్రమే దానర్థం. అలాగే 200 వాట్ల ఆంప్లిఫయర్ ఆన్ చేయగానే 200 వాట్లూ స్పీకర్‌లోకి దూరిపోవు. ఇంటి మీద ట్యాంకు 500 లీటర్లదైనా 2000 లీటర్లదైనా కుళాయి తిప్పినంతే కదా నీళ్లొచ్చేది. వాల్యూం మీరు ఎంత పెట్టారు, ఆ క్షణంలో పాటలో ఏముంది, ఈ రెండిటిని బట్టే స్పీకర్‌కి కరెంటు వెళ్తుంది.

అది ఎంత తక్కువో కళ్లతో చూడాలంటే తమ్ముడి దగ్గర మల్టీమీటర్ ఉందేమో అడగండి. ఆంప్లిఫయర్ కొన్నాక మామూలుగా వినే వాల్యూంలో ఘంటసాల గారి పాట పెట్టి, మీటర్‌ని ఏసీ వోల్టుల మీద ఉంచి, దాని రెండు కొసలూ స్పీకర్ వెనక ఎరుపు, నలుపు టెర్మినళ్లకు తాకించండి. ముల్లు, లేదా అంకె, 1 వోల్టు అటూ ఇటూ ఊగుతుంది. వోల్టుని వోల్టుతోనే గుణించి ఓమ్స్‌తో భాగిస్తే వాట్లొస్తాయి. ఒకటిని ఆరుతో భాగిస్తే దాదాపు 0.17. అంటే వాటులో ఆరో వంతు! మామూలు మీటర్ పాటని అంత కచ్చితంగా కొలవలేదు, అయినా మనకి కావలసిన అంచనా దొరుకుతుంది. హాలంతా వినిపిస్తున్న పాటకి ఖర్చవుతున్నది అంతే.

మరి 50, 80 ఎందుకు చెబుతున్నాను? దానికి మీ స్పీకర్ కాగితం మీదున్న 86 డీబీ, అంటే శబ్దాన్ని కొలిచే డెసిబెల్స్, దగ్గరికి రావాలి. ఆంప్లిఫయర్ కొనేవాళ్లు మొదట చూడాల్సింది వాట్లు కాదు, ఈ అంకె. దీన్ని సెన్సిటివిటీ అంటారు. స్పీకర్‌కి 2.83 వోల్టులిచ్చి, మీటరు దూరంలో మైకు పెట్టి కొలిస్తే 86 డెసిబెల్స్ వచ్చిందని చెబుతోంది. ఈ 2.83 ఎక్కడిదంటే, 8 ఓమ్స్ స్పీకర్ మీద అది సరిగ్గా 1 వాటు అవుతుంది. మీవి 6 ఓమ్స్ కాబట్టి అదే వోల్టేజీకి 1.33 వాట్లు లాగుతాయి. 1 వాటుకి సరిచేసుకుంటే 85 డీబీ అనుకోవచ్చు. 4 ఓమ్స్ స్పీకర్ అయితే అదే 2.83 వోల్టులకి 2 వాట్లు పోతాయి, అంటే కాగితం మీది అంకెలో 3 డీబీ తీసేసి చూడాలి. రెండు కంపెనీల స్పీకర్లను పోల్చేటప్పుడు ఇది చూసుకోకపోతే మోసపోతారు.

ఇప్పుడు మీ సోఫా దగ్గరికి వద్దాం. 10 అడుగులంటే 3 మీటర్లు. ఆరుబయట అయితే మీటరు నుంచి మూడు మీటర్లకు వచ్చేసరికి 9 డీబీ పైనే తగ్గుతుంది. హాల్లో గోడలు కొంత శబ్దాన్ని తిప్పి పంపుతాయి కాబట్టి 6 డీబీ తగ్గుతుందనుకుందాం. స్పీకర్లు రెండున్నాయి కాబట్టి 3 డీబీ కలుస్తుంది. 85లో 6 తీసి 3 కలిపితే 82. అంటే ఒక్కో స్పీకర్‌కి 1 వాటు వెళ్తే సోఫాలో కూర్చున్న మామయ్యగారికి 82 డెసిబెల్స్ వినిపిస్తుంది. ఇంట్లో ఇది చిన్న శబ్దమేం కాదు, పక్కనున్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తుంది. తీరిగ్గా పాటలు వినేవాళ్లు ఎక్కువగా 70, 75 దగ్గరే ఉంటారు.

ఇక్కడి నుంచి వాట్లు పెరిగే తీరు చూడండి. వాట్లు రెట్టింపు చేసిన ప్రతిసారీ పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. పదింతలు చేస్తే 10 డెసిబెల్స్ పెరుగుతాయి, అప్పుడు గానీ మన చెవికి శబ్దం రెట్టింపైనట్టు అనిపించదు. మీ సోఫాలో 1 వాటుకి 82, 10 వాట్లకి 92, 100 వాట్లకి 102. 100 వాట్ల ఆంప్లిఫయర్ మానేసి 200 వాట్లది తెచ్చుకుంటే దొరికేది ఆ 3 డెసిబెల్సే. వాల్యూం బటన్ కాస్త తిప్పితే వచ్చే తేడా అది. షాపతను డబుల్ పవర్ అన్నప్పుడు మనకి డబుల్ సౌండ్ అని వినిపిస్తుంది, దానికోసం వేలకు వేలు అదనంగా కట్టేస్తాం.

అయితే పాట ఎప్పుడూ ఒకే మట్టంలో ఉండదు. మామయ్యగారు వినే నాదస్వర కచేరీలో డోలు మీద దెబ్బ పడే క్షణం ఉంటుంది చూశారా, ఆ సెకనులో చిన్న ముక్కకి శబ్దం సగటు కంటే 15, 20 డెసిబెల్స్ పైకి లేస్తుంది. వాట్లు అవసరమయ్యేది అక్కడ. సగటున 75 దగ్గర వింటుంటే ఆ దెబ్బకి 95 కావాలి. 82 మీద ఇంకో 13 డీబీ, అంటే 20 వాట్లు. వాటులో ఐదో వంతు వాడుతున్న ఆంప్లిఫయర్ ఆ ఒక్క క్షణానికి 20 వాట్లు తీసివ్వగలగాలి. సినిమా కోసం ఇంకొంచెం పెంచి సగటు 80 దగ్గర పెట్టారనుకోండి, శిఖరాలకి 100 డీబీ కావాలి, 63 వాట్లు. నేను చెప్పిన 50-80 అక్కడి నుంచి వచ్చింది. మీ స్పీకర్లు 25-100 వాట్లు అన్నాయి కాబట్టి వాటి పరిధిలోనూ ఉంది.

కొత్త సినిమా పాటలు ఎక్కువ భాగం రికార్డింగ్‌లోనే గట్టిగా నొక్కేసి ఉంటాయి, సగటుకీ శిఖరానికీ పెద్ద తేడా ఉండదు. వాటికి ఈ తాత్కాలిక శక్తి అంతగా అక్కర్లేదు. డోలు, మృదంగం, తబలా సహజంగా రికార్డు చేసిన కచేరీలకే ఇది బాగా పనికొస్తుంది. మీ ఇంట్లో ఆంప్లిఫయర్‌కి అసలు పరీక్ష మామయ్యగారి నాదస్వరమే.

ఇప్పుడు కాలిపోయే సంగతి. స్పీకర్ కంటే పెద్ద ఆంప్లిఫయర్ పెడితే కాలుతుందని తమ్ముడు అన్నారు. పెద్దది పెట్టినందువల్ల కాలదు, దాన్ని వాడే తీరు వల్ల కాలుతుంది. నిజానికి ఇళ్లలో చాలా ట్వీటర్లు, అంటే స్పీకర్‌లో సన్నటి స్వరాలు పలికే చిన్న భాగాలు, చిన్న ఆంప్లిఫయర్లని శక్తికి మించి వాయించినందువల్ల కాలిపోతాయి. 20 వాట్ల దాన్ని పుట్టినరోజు పార్టీలో చివరిదాకా తిప్పారనుకోండి. పాట 60 వాట్లు అడుగుతుంది, అది 20 దగ్గర ఆగిపోతుంది. గుండ్రంగా రావాల్సిన శబ్దతరంగం తల తెగి చదునుగా బయటికొస్తుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. అక్కడ రెండు ప్రమాదాలు. శిఖరాలు ఆగిపోయినా కింది భాగం వాల్యూంతో పాటు పెరుగుతూనే ఉంటుంది కాబట్టి సగటు పవర్ పైకి పోతుంది. పైగా తల తెగినచోట పాటలో లేని కీచు ధ్వనులు కొత్తగా పుడతాయి, అవన్నీ ట్వీటర్‌కి పోతాయి. ట్వీటర్ లోపల ఉండేది వెంట్రుకలాంటి తీగ చుట్టిన చిన్న వాయిస్ కాయిల్. మామూలు పాటలో శక్తి ఎక్కువ భాగం బేస్ పలికే పెద్ద భాగమైన వూఫర్‌కే పోతుంది కాబట్టి స్పీకర్ మొత్తం 100 వాట్లదైనా ట్వీటర్‌ని కొద్ది వాట్లకే తయారు చేస్తారు. అది వేడెక్కి తెగిపోతుంది.

అందుకని పెద్దదైతే అసలు ప్రమాదమే లేదని చెప్పను. 200 వాట్ల దాన్ని పిల్లలు చివరిదాకా తిప్పితే 100 వాట్ల స్పీకర్ వూఫర్ కోన్ ముందుకీ వెనక్కీ కొట్టుకుని పాడవొచ్చు. గుర్తు పెట్టుకోవాల్సింది శబ్దాన్నే. గాయకుడి గొంతు బొంగురుపోతున్నట్టు, స అక్షరం గీరుతున్నట్టు, బేస్ దగ్గర టప్ టప్ మని కొట్టుకున్నట్టు అనిపిస్తే వెంటనే తగ్గించండి. ఎన్ని వాట్లదైనా ఆంప్లిఫయర్ ఆ గీత దాటిందని అర్థం.

బేస్ బటన్ గురించి ఎవరూ చెప్పరు, నేను గట్టిగా చెబుతాను. బేస్ పూర్తిగా కుడివైపు తిప్పితే చాలా ఆంప్లిఫయర్లలో 10 డెసిబెల్స్ పెరుగుతుంది. 10 డెసిబెల్స్ అంటే ఆ స్వరాల దగ్గర పదింతల వాట్లు. 5 వాట్లు చాలినచోట 50 కావాలి. లెక్క వేసి కొనుక్కున్న పవరంతా ఆ ఒక్క బటన్ దగ్గర ఖర్చైపోతుంది. చిన్న స్పీకర్లలో బేస్ తక్కువ అనిపిస్తే వాటిని గోడకి కొంచెం దగ్గరగా జరపండి, గోడ సాయంతో ఒక్క వాటు ఖర్చు లేకుండా బేస్ పెరుగుతుంది. మరీ ఎక్కువై గుయ్యిమంటే మళ్లీ ముందుకి జరపండి.

వాల్యూం బటన్ సగంలోనే ఉంది కదా, ఇంకా సగం పవర్ మిగిలి ఉందని కూడా అనుకోవద్దు. ఫోన్ నుంచి వచ్చే సిగ్నల్ బలంగా ఉంటే బటన్ సగం తిరిగేసరికే ఆంప్లిఫయర్ పూర్తి పవర్‌కి చేరిపోవచ్చు. బటన్ ఎక్కడుందో చూడకండి, చెవిని నమ్మండి.

నిజమైన వాట్లు అని పదే పదే అంటున్నాను, అదేమిటో చెప్పాలి. షాపతను చెప్పిన 200 వాట్ల రిసీవర్ బ్రోచర్ అడిగి తీసుకుని చివరి పేజీ చూడండి. పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె పక్కన చిన్న అక్షరాల్లో 6 ఓమ్స్, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్, ఒక్క ఛానెల్ నడిపినప్పుడు అని ఉండొచ్చు. దాని కిందే ఇంకో వరుసలో 8 ఓమ్స్, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, 0.08 శాతం, రెండు ఛానెళ్లు కలిసి నడిపినప్పుడు అని రాసి, పెద్ద అంకెలో సగమో ఇంకా తక్కువో ఉంటుంది. మీరు చూడాల్సింది రెండోది. 10 శాతం డిస్టార్షన్ అంటే పాట అప్పటికే తల తెగి వస్తోందని అర్థం, అక్కడ కొలిచిన వాట్లు మనకెందుకు? పైగా అయిదు, ఏడు ఛానెళ్ల రిసీవర్లలో అన్నిటికీ కలిపి సాధారణంగా ఉండేది ఒకే ట్రాన్స్‌ఫార్మర్. ఒక్క ఛానెల్‌కి వచ్చే అంకెని ఏడుతో గుణించి మురిసిపోవద్దు.

ఈ గొడవ మన దగ్గరే మొదలవలేదు. అమెరికాలో కంపెనీలు ఇష్టమొచ్చిన వాట్లు రాసుకుంటుంటే అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో ఇంటి ఆంప్లిఫయర్ల వాట్లు ఎలా కొలిచి ప్రకటించాలో నియమం తెచ్చింది. మన షాపుల్లో ఇప్పటికీ కొన్ని డబ్బాల మీద పీఎంపీఓ (పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్) అని వేలల్లో అంకె కనిపిస్తుంది. దాన్ని కొలవడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతంటూ ఏదీ లేదు. ఆర్ఎంఎస్, అంటే నిలకడగా ఇవ్వగల వాట్లు, రాయని డబ్బా ముట్టుకోకండి. ఆర్ఎంఎస్ అని ఉన్నా ఎన్ని ఓమ్స్ మీద, ఎంత డిస్టార్షన్‌తో అని అడగండి.

బ్రోచర్ లేని చిన్న ఆంప్లిఫయర్లకి ఇంకో సులువైన పరీక్ష ఉంది. ఆన్‌లైన్‌లో అరచేతిలో పట్టేంతవి దొరుకుతున్నాయి, డబ్బా మీద 100+100 వాట్లు అని ఉంటుంది. దాంతో వచ్చే అడాప్టర్ తిప్పి చూడండి. 24 వోల్టులు, 4.5 ఆంపియర్లు అని ఉంటే రెండూ గుణించండి, 108 వాట్లు. లోపలికి వెళ్లేదే 108 అయితే రెండు ఛానెళ్లకీ కలిపి 200 బయటికి ఎలా వస్తుంది? 24 వోల్టులతో మీ 6 ఓమ్స్ స్పీకర్ల మీద ఛానెల్‌కి 45 వాట్ల దగ్గర ఆగిపోతుంది. అదే ఆంప్లిఫయర్‌కి 12 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ అంటగడితే ఛానెల్‌కి 10 వాట్లు రావడం కూడా కష్టం. అలాగని వీటిని తీసిపారేయను. క్లాస్ డి అనే ఈ రకం పెద్దగా వేడెక్కదు, కరెంటు ఎక్కువ వృథా చేయదు. 45 నిజమైన వాట్లు మీ హాల్లో చాలా పని చేస్తాయి. 40 వేలు ఖర్చు పెట్టలేని వాళ్లకి మంచి దారి. ఒక్క జాగ్రత్త, వీటిలో చాలావాటికి రెండు స్పీకర్ల నలుపు వైర్లు ఒకచోట కలపకూడదు. రెండు టెర్మినళ్లలోనూ వోల్టేజీ ఉంటుంది, కలిపితే లోపలి చిప్ (ఐసీ) పోవచ్చు. ఎవరి నలుపు వైరు వాళ్లకే.

ఇక మీవారి 1000 వాట్లు. ఒకప్పుడు కోఠీ గుజరాతీ గల్లీలో బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్, క్యాబినెట్ విడివిడిగా కొని మెకానిక్‌తో బిగించుకునే రోజుల్లో ఇలాంటివి ఊరూరా తయారయ్యాయి. వాటిలో మంచివీ ఉన్నాయి. స్టిక్కర్‌ని వదిలేసి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఏం రాసుందో మెకానిక్‌తో చూపించండి. మీరు మాత్రం మూత విప్పొద్దు, ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది. అక్కడ 12-0-12 అని ఉంటే లోపల బోర్డుకి అందేది అటు 16, ఇటు 16 వోల్టులు. అందులోంచి శుభ్రంగా వచ్చేది 6 ఓమ్స్ మీద ఛానెల్‌కి 15 వాట్లు. నిరుత్సాహపడకండి. మనం ఇందాక వేసిన లెక్కలో 15 వాట్లంటే సోఫా దగ్గర 94 డెసిబెల్స్ దాకా వస్తుంది. మామయ్యగారు పొద్దున్నే చిన్నగా పెట్టుకునే పాటలకి అది చాలు.

నా భయం దాని వాట్ల గురించి కాదు, దాని వయసు గురించి. ఏళ్ల తరబడి అటక మీద పడున్న ఆంప్లిఫయర్‌లో కెపాసిటర్లు ఎండిపోయి ఉండొచ్చు. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ ఒకటి పోయి ఉంటే సంగీతం బదులు నేరుగా డీసీ కరెంటు స్పీకర్‌లోకి వెళ్తుంది. అప్పుడు వూఫర్ కోన్ ఒక పక్కకి తన్నుకుని నిలబడిపోతుంది, ఓ నిమిషంలో కాలిన వాసన వస్తుంది. అది మీ కొత్త స్పీకర్లకి జరగకూడదు. స్పీకర్లేవీ తగిలించకుండా ఆన్ చేయించి, పాట పెట్టకుండా, అవుట్‌పుట్ టెర్మినళ్ల మధ్య డీసీ వోల్టేజీ కొలిపించండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే బాగున్నట్టు. వోల్టుల్లో చూపిస్తే రిపేరు అయ్యేదాకా దాని జోలికి పోవద్దు. పరీక్ష నెగ్గితే దానికి తగిన చోటు ఉంది, కింద చెబుతాను.

డైనింగ్‌లో రెండో జత కలపాలన్న మీ ఆలోచన మాత్రం వద్దు. స్పీకర్లని ఒకే టెర్మినళ్లకి పక్కపక్కనే కలిపితే ఓమ్స్ పెరగవు, తగ్గుతాయి. మీ 6 ఓమ్స్, ఆ 8 ఓమ్స్ కలిస్తే 3.4 ఓమ్స్ అవుతుంది. అది కూడా పేరుకి మాత్రమే. స్పీకర్ ఓమ్స్ స్వరాన్ని బట్టి మారుతూ ఉంటాయి. 8 ఓమ్స్ అని రాసినది ఏ స్వరం దగ్గరా 6.4 కంటే కిందికి దిగకూడదని అంతర్జాతీయ ప్రమాణం, అంటే అయిదో వంతు దిగడానికి ఒప్పుకున్నట్టే. ఆ లెక్కన ఈ రెండు జతలూ కలిపితే కొన్నిచోట్ల 3 కంటే కిందికి పోతుంది. ఓమ్స్ ఎంత తగ్గితే ఆంప్లిఫయర్ అంత ఎక్కువ కరెంటు ఇవ్వాలి, అంత వేడెక్కుతుంది. మంచిదైతే తనంతట తాను ఆగిపోతుంది, లేనిదైతే కాలిపోతుంది. ఆంప్లిఫయర్ మీద ఏ, బీ అని రెండు జతలకి టెర్మినళ్లు కనబడితే సరిపోయిందనుకోవద్దు. చాలావాటిలో లోపల అవి కలిసే ఉంటాయి. ఏ ప్లస్ బీ వాడేటప్పుడు ఒక్కోటి 8 ఓమ్స్ తగ్గకూడదని వాటి పక్కనే చిన్నగా రాసి ఉంటుంది, మీ 6 ఓమ్స్ జత అక్కడే తప్పిపోతుంది.

పాత స్పీకర్ల మీద ఓమ్స్ స్టిక్కర్ చెరిగిపోతే మీటర్‌తో కొలవొచ్చు, కానీ 8 అని చూపించదు. 8 ఓమ్స్ స్పీకర్‌కి మీటర్‌లో సాధారణంగా 5.5, 7 మధ్య వస్తుంది, 4 ఓమ్స్ దానికి 3, 3.6 మధ్య. పాడైపోయిందని కంగారు పడకండి.

డైనింగ్‌కి వేరే ఆంప్లిఫయర్ పెట్టండి. మీవారి పాతది పరీక్షలో నిలబడితే అక్కడికి తీసుకెళ్లండి, ఆ 8 ఓమ్స్ పాత జతకి అది సరైన తోడు. ఆయన కోరికా తీరుతుంది. నిలబడకపోతే ఇందాక చెప్పిన అరచేతి ఆంప్లిఫయర్ చాలు.

హాలు కోసం బడ్జెట్ మొత్తం వాట్ల మీద పెట్టకండి. ఆదివారం సినిమాలో గుండెల మీద పడే ఆ శబ్దం మీ షెల్ఫు స్పీకర్లలోంచి 200 వాట్లు పెట్టినా రాదు, వాటి వూఫర్ సైజే అంత. దానికి సొంత ఆంప్లిఫయర్ లోపలే ఉండే సబ్‌వూఫర్, అంటే లోతైన బేస్ మాత్రమే పలికే పెట్టె, కావాలి. ఇప్పుడే కొనలేకపోయినా తీసుకునే ఆంప్లిఫయర్‌కి సబ్ అవుట్ సాకెట్ ఉండేలా చూసుకోండి, టీవీ శబ్దాన్ని ఒకే కేబుల్‌తో ఆంప్లిఫయర్‌కి తెచ్చే హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ ఉంటే ఇంకా మంచిది. తర్వాత సబ్‌వూఫర్ కొన్నప్పుడు ఆంప్లిఫయర్‌లో వీలుంటే 80 హెర్ట్జ్ కింది శబ్దాలన్నీ దానికి మళ్లించండి. హాలు ఆంప్లిఫయర్‌కి అతి బరువైన పని తప్పుతుంది, ఉన్న వాట్లే ఎక్కువైనట్టు అనిపిస్తాయి.

కొత్త ఫ్లాట్ అన్నారు కాబట్టి కింద నున్నటి టైల్స్, గోడలకి ఏమీ లేకుండా ఉండి ఉంటుంది. చప్పట్లు కొట్టి చూడండి. చప్పుడు వెంటనే ఆగకుండా గోడల మధ్య ఖంగుమంటుంటే మాటలు స్పష్టంగా వినబడవు, వినబడట్లేదని వాల్యూం పెంచుతాం, పెంచేకొద్దీ చెవి నొప్పెడుతుంది. సోఫా ముందు మందపాటి తివాచీ, కిటికీలకి నిండు కర్టెన్లు వేస్తే సగం సమస్య తీరుతుంది. సోఫాని రెండడుగులు ముందుకి జరిపే వీలుంటే అది కూడా చేయండి, దగ్గరికొచ్చినంత మేర వాట్లు ఆదా.

వైరు గురించి షాపులో పెద్ద కథలు చెబుతారు. నిజమైన రాగి వైరు, 1.5 చదరపు మిల్లీమీటర్లది, మీ దూరాలకి చాలు. 5 మీటర్ల వైరుకి రానూపోనూ కలిపి 0.12 ఓమ్ నిరోధం, మీ 6 ఓమ్స్ ముందు అది లెక్కలోకి రాదు. అల్యూమినియం మీద రాగి పూత పూసిన వైరు చూడ్డానికి ఒకేలా ఉంటుంది, పట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది. కొసని బ్లేడుతో గీరితే లోపల తెల్లగా కనబడుతుంది. అది వద్దు. వైరు బిగించేటప్పుడు రెండు స్పీకర్లకీ ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి వెళ్లిందో లేదో చూసుకోండి. ఒకటి తారుమారైతే బేస్ మాయమవుతుంది, ఆంప్లిఫయర్‌లో దమ్ము లేదని దాన్ని తిడతాం.

మామయ్యగారికి కాస్త వినికిడి తగ్గి పెద్దగా పెట్టుకుంటున్నట్టయితే దానికి మందు వాట్లు కాదు, ఒకసారి చెవి డాక్టరు గారికి చూపించండి. వారానికి 40 గంటలు వింటే 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ గంటలు సగానికి తగ్గుతాయి.

కొనడానికి వెళ్లేటప్పుడు మీ స్పీకర్లని కూడా కారులో వేసుకెళ్లండి. షాపు వాళ్ల స్పీకర్లతో వినిపిస్తే ఒప్పుకోవద్దు, వాళ్లవి 92 డీబీ సెన్సిటివిటీ ఉన్న పెద్ద స్పీకర్లైతే అన్ని ఆంప్లిఫయర్లూ బ్రహ్మాండంగానే వినిపిస్తాయి. బేస్, ట్రెబుల్, లౌడ్‌నెస్ అన్నీ మధ్యలో పెట్టించి, మామయ్యగారు బాగా ఎరిగిన నాదస్వర కచేరీ ఒకటి ఇంట్లో వినేదానికంటే కొంచెం ఎక్కువ వాల్యూంలో పెట్టండి. మామయ్యగారినే ముందు కూర్చోబెట్టండి. డోలు దెబ్బ పడ్డప్పుడు నాదస్వరం నలిగినట్టు వినిపిస్తోందో లేదో ఆయన చెవి పట్టేస్తుంది. 60 వాట్ల దానికీ 200 వాట్ల దానికీ ఆయనకి తేడా తెలియకపోతే, 60 వాట్ల దానికే బిల్లు వేయించండి.